14 వేల తాయెత్తు

సాల్ట్ లేక్‌లో మా వీధి మలుపు దగ్గర ఒక నగల కొట్టు ఉంది. నగలకంటే అక్కడ గ్రహాల రాళ్ళకే గిరాకీ ఎక్కువ. శనికి నీలం, కుజుడికి పగడం. ఒక మూల జ్యోతిష్కుడి కుర్చీ కూడా ఉంటుంది (కలకత్తాలో ఇది మామూలే లెండి). అటు వెళ్ళినప్పుడల్లా నేనూ, నా తెలుగు మిత్రుడొకాయనా నవ్వుకునేవాళ్ళం. ఆయన కోవూర్ పుస్తకాలు చదివి హేతువాది అయిన మనిషి.

ఆ మిత్రుడే మొన్నామధ్య కొత్త టీవీకి 14 వేలు పోసి రెండు మీటర్ల హెచ్‌డీఎంఐ కేబులు కొన్నాడు. "నలుపు ఇంకా నల్లగా వస్తోందండీ, ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు. వెళ్ళి చూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకూ నల్లగానే కనిపించింది!

ఇంటికొచ్చాక ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఆ తీగలో పోయేవి ఒకట్లూ సున్నాలూ. అవి అవతలికి సరిగ్గా చేరితే బొమ్మ ఉన్నదున్నట్టు వస్తుంది. చేరకపోతే తెరమీద తెల్లచుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది, లేదా మొత్తం తెరే నల్లబడుతుంది. కేబులు ఇవ్వగలిగిన అసలైన నలుపు అదొక్కటే. చూసుకోవలసింది వేగం, పొడవు. సెకనుకి 60 ఫ్రేముల 4కె బొమ్మకి 18 గిగాబిట్ల కేబులు చాలు, హెచ్‌డీఎంఐ 2.1 పూర్తిగా వాడుకోవాలంటే 48 గిగాబిట్లది. ప్యాకెట్టు మీద ధృవీకరణ లేబులుంటే, రెండు మీటర్లకి చవకదైనా ఒకటే. పది మీటర్లు లాగాలంటే మాత్రం కథ వేరు, అక్కడ ఆప్టికల్ కేబులుకి డబ్బు పెట్టడంలో తప్పులేదు. బంగారు పూతంటారా, తుప్పు పట్టదు కాబట్టి కలకత్తా తేమకి మంచిదే. కానీ ఆ పూత చవక కేబుళ్ళకీ వస్తోందిగా!

స్పీకర్ వైరు సంగతి కొంచెం వేరు. అందులో పోయేది అనలాగ్ సంకేతం, తేడా ఉండే వీలుంది. ఎంత? 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఇళ్ళలో ప్లగ్గులకి వేసేదే అనుకోండి. స్పీకరు 5 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 10 మీటర్లు. నిరోధం సుమారు 0.07 ఓములు. ఎనిమిది ఓముల స్పీకరు ముందు అది ఒక శాతం కూడా కాదు. శబ్దంలో తగ్గేది 0.1 డెసిబెల్ కంటే తక్కువ. సన్నటి వైరు చాలా దూరం లాగితే మాత్రం నిజంగానే తేడా వస్తుంది. కొన్ని స్పీకర్ వైర్ల మీద బాణం గుర్తు వేసి అమ్ముతారు, విద్యుత్తు అటే పోవాలట. సంగీతమేమో సెకనుకి వేలసార్లు దిశ మార్చుకునే విద్యుత్తు...

2007లో జేమ్స్ రాండీ, 7,250 డాలర్ల పియర్ అంజూ స్పీకర్ కేబుళ్ళని మామూలు వాటినుంచి చెవితో గుర్తుపడితే పది లక్షల డాలర్లిస్తానన్నాడు. ఒక ఆడియో విమర్శకుడు సరేనన్నాడు. తరవాత కంపెనీ తప్పుకుంది, పరీక్ష జరగనే లేదు. జరగని పరీక్షని మనం గెలుపుగా చెప్పుకోకూడదు కూడా.

అందుకని మేమే చేశాం. మిత్రుడి భార్య రూపాయి బిళ్ళ ఎగరేసి, దుప్పటి చాటున కేబులు మార్చేది. మాకు ఒకటే దృశ్యం, 12 సార్లు. 10 సరిగ్గా చెబితేనే లెక్క అని ముందే కాగితం మీద రాసుకున్నాం. నాకు 5 వచ్చాయి, ఆయనకి 7.

"ఏడొచ్చాయిగా!" అన్నాడాయన.

కళ్ళు మూసుకుని చెప్పినా 12లో 7 లేక అంతకు మించి రావడానికి నూటికి 39 పాళ్ళు అవకాశముంది. పదీ ఆపైన రావడానికి రెండు పాళ్ళు కూడా లేదు. గీతని ముందే గీసుకోకపోతే ఆ రోజు మా ఇంట్లో ఒక అద్భుతం రుజువైపోయేది.

ఆయన లెక్క ఒప్పుకున్నాడు. కొట్టువాడు కేబులు వాపసు తీసుకోలేదు. "పోనీలెండి, నాకు తృప్తిగా ఉంది కదా" అన్నాడు చివరికి. మా కింది వాటాలో ఉండే పెద్దాయన తన నీలం ఉంగరం గురించి చెప్పేదీ అచ్చంగా ఇదే మాట. ఆ సంగతి అనబోయి, వాళ్ళావిడ ముఖం చూసి ఊరుకున్నాను.

వచ్చే ఆదివారం స్పీకర్లకి వైరు కొనడానికి ఇద్దరం చాందినీ మార్కెట్‌కి వెళ్తున్నాం. మీటరు లెక్కన కోసిచ్చేదే చాలంటున్నాడు, ఇప్పటికైతే.