బరువు పెరిగింది, ఇంటికి పంపేశారు

తిండి మానేసిన ఆడపిల్ల గురించి మన సంఘాల్లో మాట్లాడబోతే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: “తినడానికి లేనివాళ్ళు ఇంతమంది ఉండగా, ఉండీ తిననివాళ్ళ గొడవ మనకెందుకు?” 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. అలాంటి దేశంలో అనొరెక్సియా, బులీమియా అనేవి జూబ్లీహిల్స్ జబ్బుల్లా వినిపించడంలో వింతేమీ లేదు. కానీ ఆడది ఎంత తినాలి, ఎప్పుడు తినాలి, ఎవరి తర్వాత తినాలి అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? రెండు చోట్లా అడగవలసింది ఇదే. ఒకరి ఆకలిని ఇంకొకరి ఆకలికి పోటీ పెట్టడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

పైగా ఇది పాశ్చాత్య ఫ్యాషన్ పత్రికలు చూసి తెచ్చుకునే జబ్బు అనుకోవడం కూడా సరికాదు. లావైపోతామన్న భయం ఎక్కడా చెప్పకుండానే ఎండిపోయే స్త్రీల గురించి 1990లలోనే హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు రాశాడు. కడుపు నిండినట్టుంది, సయించడం లేదు అని మాత్రమే వాళ్ళు చెప్పేవారు. మన దేశపు వైద్యులూ ఇలాంటి కేసులు నమోదు చేశారు. కాబట్టి గౌలిపురలో ఒక అమ్మాయి గ్యాస్ అంటూ అన్నం పక్కన పెడితే ఆమెకు దొరికేది గ్యాస్ మాత్ర, తర్వాత తాయెత్తు. నెలసరి ఆగిపోయి, కళ్ళు తిరిగి పడిపోయేదాకా ఇది మనసుకు సంబంధించిన విషయమని ఎవరికీ తోచదు.

సరే, ఎలాగో ఆసుపత్రిలో చేరిందనుకుందాం. వార్డులో వేళకు తిండి పెడతారు. తినేటప్పుడు పక్కన ఒకరు కూర్చుంటారు. వండే పని లేదు, వడ్డించే పని లేదు. కొన్ని వారాల్లో బరువు పెరుగుతుంది. కాగితం మీద అంకె బాగుంది కాబట్టి ఇంటికి పంపేస్తారు. బరువు పెరిగినంత తొందరగా మనసు కోలుకోదని, తిరగబెట్టే ప్రమాదం మొదటి ఏడాదిలోనే ఎక్కువని వైద్యశాస్త్రానికి తెలియనిది కాదు. 2003లో న్యూయార్క్‌లో ఒక చిన్న అధ్యయనం అచ్చయింది. ఆసుపత్రిలో బరువు కోలుకున్న 33 మంది స్త్రీలలో కొందరికి ఆ తర్వాత ఏడాదిపాటు ఆలోచనా విధానాన్ని మార్చే మాటల చికిత్స ఇచ్చారు, మిగతావారికి పోషకాహార సలహాలు మాత్రమే ఇచ్చారు. జబ్బు తిరగబెట్టినవారు, చికిత్స మధ్యలో వదిలేసినవారు కలిపి మొదటి గుంపులో 22 శాతం, రెండో గుంపులో 73 శాతం. 2006లో న్యూయార్క్, టొరంటోలలో 93 మందితో జరిగిన మరో పరిశోధనలో ఫ్లూవోక్సెటిన్ మాత్ర, ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. అంటే “పప్పు తిను, పాలు తాగు” అని చెప్పడమూ, చీటీ రాసి నెల తర్వాత రమ్మనడమూ చికిత్స అనిపించుకోవు. మన పెద్దాసుపత్రుల్లో డిశ్చార్జి తర్వాత జరుగుతున్నది మాత్రం తరచుగా అంతే.

ఇక ఇల్లు. పాతబస్తీ రెండు గదుల ఇంట్లో అందరూ తిన్నాక ఆడవాళ్ళు తింటారు. ఆఖరున వంటింట్లో ఒంటరిగా కూర్చున్న పిల్ల తిన్నదో, పారేసిందో చూసేదెవరు? వార్డులో ఆమెను కాపాడిన ఏర్పాటు సరిగ్గా ఇక్కడే తెగిపోతుంది. పైగా ఉపవాసాలు. శనివారం, ఏకాదశి, శ్రావణ శుక్రవారం. పక్క గల్లీలో రంజాన్. నేను భక్తి మీద యుద్ధం ప్రకటించడం లేదు. జబ్బు మనిషికి మినహాయింపు అన్ని మతాల్లోనూ ఉంది. కానీ ఆడపిల్ల ఉపవాసం ఉంటే మెచ్చుకునే ఇంట్లో జబ్బు దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఆషాఢంలో బోనాలకు చుట్టాలు దిగుతారు. “గింత చిక్కినవేందే” అని ఒకరు, “ఇప్పుడు మంచిగ ఒళ్ళు చేసినవ్” అని ఇంకొకరు. రెండో మాట మొదటిదానికంటే ప్రమాదకరమైనదని వాళ్ళకు తెలియదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ పెళ్ళి. “మంచిగైంది గదా, ఇగ సంబంధాలు చూద్దాం” అన్న మరుక్షణం నుంచీ చికిత్స రహస్యమైపోతుంది. ఈ నగరంలో ఎర్రగడ్డ అన్న పేరే ఒక తిట్టు కదా! ఎవరైనా చూస్తారని డాక్టరు దగ్గరకు పోవడం మానేస్తారు. తిరగబెడితే పిల్లది మొండితనం, తల్లిది పెంపక లోపం. పంపేసిన ఆసుపత్రికీ, తొందరపెట్టిన బంధువులకూ ఏ బాధ్యతా ఉండదు!

తల్లి సంగతి ఇంకొంచెం చెప్పాలి. లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపొందిన కుటుంబ చికిత్స, జబ్బు మొదలై ఎంతోకాలం కాని చిన్న వయసు వారికి బాగా పనిచేస్తుందని 1987లోనే తేలింది. అందులో తల్లిదండ్రులిద్దరూ పూటపూటా పక్కన కూర్చుని తినిపించాలి. మన దగ్గర “కుటుంబం” అంటే తల్లి. ఆమె కూలి పోతుంది, నిద్ర పోతుంది, చివరికి నింద కూడా ఆమెకే. ఈ చికిత్సను ఇక్కడికి తేవాలనేవాళ్ళు తండ్రి ఏ పూట కూర్చుంటాడో ముందు చెప్పాలి.

చట్టం మన చేతిలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ ప్రకారం డిశ్చార్జికి ముందు ఆమెతో, ఆమె ప్రతినిధితో, ఆమెను చూసుకునేవారితో, ఇకపై చూడబోయే వైద్యులతో సంప్రదించి తర్వాతి చికిత్సకు ప్రణాళిక వేయడం డాక్టరు విధి. 18వ సెక్షన్ హాఫ్‌వే హోములను, ఇంటి దగ్గర పునరావాసాన్ని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొంటుంది. 21వ సెక్షన్ శరీర వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలంటుంది. 14వ సెక్షన్ మనకు మరీ ముఖ్యం. 18 ఏళ్ళు నిండిన స్త్రీ తెల్లకాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టి తనకు నచ్చినవారిని ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. భర్తే కానక్కర్లేదు, అత్త అసలే కానక్కర్లేదు. ఎవరూ లేనప్పుడు, మానసిక రోగుల కోసం పనిచేసే రిజిస్టరైన సంస్థ తరఫు మనిషి తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకోవచ్చు.

కాబట్టి బస్తీలో పనిచేసేవాళ్ళు డిశ్చార్జి రోజుదాకా ఆగకుండా, చేర్చిన వారంలోనే ఆసుపత్రికి వెళ్ళి ప్రణాళిక అడగాలి. 2018 నుంచీ నగరంలో నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో వారం వారం బరువు చూసే ఏర్పాటు కావాలని కోరాలి, అదీ అంకె ఆమెకు కనబడకుండా. 14416 టెలీమానస్ నంబరు ఇంట్లో అందరి దగ్గరా ఉండాలి. ఇంటికి వచ్చేలోపు ఒక కాగితం రాసుకోవాలి: ఏ బరువుకు పడిపోతే తిరిగి తీసుకెళ్ళాలి, మళ్ళీ ఒంటరిగా తినడం, తిన్న వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళ్ళడం, కొత్త ఉపవాసాలు మొదలుపెట్టడం కనిపిస్తే ముందు ఎవరికి చెప్పాలి, ఏడాదిపాటు సంబంధాలు చూడకూడదు, ఏ పూట ఎవరు పక్కన కూర్చోవాలి. రాత్రి భోజనం ఎదురుగా తండ్రి పేరు రాయించండి.