అడుగులు లెక్కపెట్టాల్సింది పూర్ణాంకాలతోనే

సున్నా నుంచి బయలుదేరి 0.1 చొప్పున ముందుకు వెళ్లాలి, ఒకటి రాగానే ఆగాలి. లూప్ ఎన్నిసార్లు తిరగాలి? 0, 0.1, 0.2... 0.9 వరకు, మొత్తం పదిసార్లు. సి భాషలో డబుల్ రకం సంఖ్యతో ఈ లూప్ రాసి చూడండి, పదకొండుసార్లు తిరుగుతుంది.

ఎమ్మెస్సీ రోజుల్లో నేను ఇక్కడే బోల్తాపడ్డాను. సంఖ్యల వర్గాలను చూపే వక్రరేఖ కింద, సున్నా నుంచి ఒకటి వరకు ఉన్న వైశాల్యం కనుక్కోవాలి. అసలు విలువ 0.333. పది పట్టీలుగా కోసి, ఎడమ అంచు ఎత్తుతో కూడితే 0.285 రావాలి. నాకు 0.385 వచ్చింది. పట్టీలు వెడల్పు కదా, ఆమాత్రం తేడా ఉంటుందిలే అనుకున్నాను. పదకొండో పట్టీ కలిసిందని తెలియడానికి వారం పట్టింది. ప్రోగ్రాం ఆగిపోలేదు, హెచ్చరికా రాలేదు. నమ్మదగ్గ తప్పు జవాబు ఇచ్చింది.

1/3ని దశాంశాల్లో రాయబోతే అంతు ఉండదు. కంప్యూటర్ వాడే బైనరీలో 1/10 పరిస్థితీ అంతే. ఎక్కడో ఒకచోట కుదించక తప్పదు. అలా కుదించిన 0.1ని పదిసార్లు కూడితే 0.9999999999999999 వస్తుంది. ఇంకా ఒకటి రాలేదు కదా అని లూప్ మరో చుట్టు తిరుగుతుంది. తమాషా ఏమిటంటే, కచ్చితత్వం తక్కువైన ఫ్లోట్ రకంలో మొత్తం ఒకటిని కాస్త దాటుతుంది, కాబట్టి లూప్ సరిగ్గా పదికే ఆగుతుంది!

ఇది విద్యార్థి అజాగ్రత్త అని వదిలేయడం నాకు నచ్చదు. భాషను రూపొందించేవారికీ బాధ్యత ఉంది. ఫోర్‌ట్రాన్ 77 లూప్ లెక్కకు దశాంశ సంఖ్యలను అనుమతించింది; ఫోర్‌ట్రాన్ 95 ఆ వెసులుబాటును తీసేసింది. పైథాన్‌లోని రేంజ్ 0.1 అడుగు ఇస్తే ఒప్పుకోదు, ఎర్రర్ చూపిస్తుంది. కొత్తవాళ్లకు అది చాదస్తంగా తోచవచ్చు. నాకు మాత్రం మేలే అనిపిస్తుంది. నంపైలోని అరేంజ్ ఒప్పుకుంటుంది కానీ, అలాంటి చోట లిన్‌స్పేస్ వాడమని దాని సూచనల్లోనే ఉంది. లిన్‌స్పేస్‌కు అడుగు పొడవు కాదు, ఎన్ని బిందువులు కావాలో చెబుతాం. జూలియా భాష మన ఉద్దేశాన్ని ఊహించి సరిదిద్దుకుంటుంది. తెలివైన పనే, కానీ ఆ అలవాటుతో మరో భాషకు వెళ్లినవారి గతేమిటి?

సున్నా నుంచి తొమ్మిది వరకు పూర్ణాంకాలతో లెక్కపెట్టి, ప్రతిదాన్నీ పదితో భాగిస్తే చాలు. 0.1తో గుణించకండి: పైథాన్‌లో మూడుని 0.1తో గుణిస్తే 0.30000000000000004 వస్తుంది, పదితో భాగిస్తే 0.3 వస్తుంది.