హెచ్చరిక అందాక ఊరు ఎందుకు కదలదు?

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పటి నుంచి అది తుపానుగా మారి తీరం దాటే వరకు ప్రభుత్వ యంత్రాంగం ఏం చేయాలన్న విషయంలో ఆంధ్ర తీరాన ఇప్పుడు పెద్దగా సందిగ్ధం లేదు. ఓడరేవుల్లో ప్రమాద సూచికలు ఎగురవేయడం, వేటకు వెళ్లిన పడవలను వెనక్కి పిలిపించడం, లోతట్టు గ్రామాలను ఖాళీ చేయించడం అనే క్రమం దశాబ్దాల చేదు అనుభవంతో స్థిరపడింది. ఇంకా స్థిరపడనిది ఆ హెచ్చరిక విన్న కుటుంబం తన గడప దగ్గర తీసుకునే నిర్ణయం. విపత్తు సన్నద్ధతపై జరిగే చర్చ ఉపగ్రహాలు, రాడార్ల చుట్టూ తిరిగి, చాలాసార్లు ఆ గడప దాకా రాకుండానే ముగుస్తుంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, అంటే తుపాను గాలుల తోపుడుకు సముద్రమట్టం లేచి నేల మీదికి విరుచుకుపడే నీరు, అధికారిక అంచనాల ప్రకారమే సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1990 మేలో అదే కృష్ణా ముఖద్వార ప్రాంతంలో తీరం దాటిన తీవ్ర తుపానులో మృతులు వెయ్యికి లోపే ఉన్నారంటే, జనాన్ని ముందుగా పెద్ద ఎత్తున తరలించడమే అందుకు ముఖ్య కారణం. అయితే ఈ ప్రగతి వెనక్కి తిరగనిదేమీ కాదని 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో తేలిపోయింది. విస్తీర్ణంలో చిన్నదైనా వేగంగా బలపడిన ఆ తుపాను వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. నడి సముద్రంలో చిక్కుకుని తిరిగిరాని మత్స్యకారులు ఎందరో.

ఇల్లు వదలని వారిని మొండివారిగా, అవగాహన లేనివారిగా జమకట్టడం అధికార భాషలో పరిపాటి. నిజానికి వారి లెక్క వారికి ఉంటుంది. సావుకారు దగ్గర అప్పు తెచ్చి కొన్న పడవ, ఇంజను, వలలు కొట్టుకుపోతే అప్పు మాత్రం నిలిచే ఉంటుంది కాబట్టి, పడవను ఒడ్డుకు లాగి సరుగుడు చెట్లకు కట్టేసిన తరువాత కూడా ఇంటికొకరు కాపలాకు మిగిలిపోతారు. పాడి గేదెను కట్టేసి పోతే నీట మునుగుతుంది, విప్పేసి పోతే తిరిగి దొరుకుతుందో లేదో తెలియదు. మంచం దిగలేని ముసలితల్లిని ఎవరు మోస్తారన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ ఇల్లంతా ఆగిపోతుంది. వీటికి తోడు, వందల మంది తలదాచుకునే తుపాను షెల్టర్‌లో మరుగుదొడ్డికి నీళ్లు లేకపోతే ఆడవాళ్లు అక్కడ రాత్రి గడపడానికి వెనకాడటం, గత ఏడాది ఖాళీ చేయించినప్పుడు తుపాను దారి మళ్లిపోయిందన్న జ్ఞాపకం కూడా కాళ్లకు అడ్డం పడతాయి. వీటిలో ఒక్క చిక్కునైనా రాజధానిలోని నియంత్రణ గది విప్పలేదు.

ఊరు విప్పగలదు, కాకపోతే ఆకాశం తేటగా ఉన్నప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి. నడవలేనివారు, నిండు గర్భిణులు, ఒంటరి వృద్ధులు ఏయే ఇళ్లలో ఉన్నారో, ఎవరిని ఎవరు తీసుకురావాలో పేరుపేరునా రాసుకోవడం, పశువులను తోలడానికి ఒక మెరక స్థలాన్ని ముందే ఖాయం చేసుకోవడం, పడవలన్నీ కలిసికట్టుగా ఎగువకు లాగడం, షెల్టర్ తాళం మండల కేంద్రంలో కాక ఊళ్లోనే ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోవడం దీని సారాంశం. వేట విషయంలో పెద్దల కట్టుబాటుకు విలువిచ్చే మత్స్యకార గ్రామాలకు ఇది కొత్త విద్య కాదు. మహిళా పొదుపు సంఘాలకైతే ఏ ఇంట్లో ఎవరున్నారో ఏ రికార్డూ చూడకుండానే తెలుసు.

ఈ పద్ధతికి బంగ్లాదేశ్ అనుభవం బలమైన ఆధారం. 1970 నాటి భోలా తుపానులో లక్షలాది మంది మరణించిన తరువాత 1972లో అక్కడ ప్రారంభమైన తుపాను సన్నద్ధతా కార్యక్రమంలో నేడు 70,000కు పైగా స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు. హెచ్చరిక, తరలింపు, ప్రథమ చికిత్స వంటి పనులను పంచుకున్న స్థానికులే ప్రమాద స్థాయిని బట్టి జెండాల సంఖ్య పెంచుతూ, మెగాఫోన్లతో ఇల్లిల్లూ తిరుగుతారు. పక్కింటి మనిషి చెబితే కదిలే జనం బయటి అధికారి చెబితే తటపటాయిస్తారన్న అవగాహనే ఈ ఏర్పాటుకు మూలం. ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఒడిశాలో ఉంది. గంజాం జిల్లా వెంకట్రాయపూర్, జగత్సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి గ్రామాలను 2020లో యునెస్కో అంతర ప్రభుత్వ సముద్ర విజ్ఞాన సంఘం ‘సునామీకి సిద్ధమైన’ ఊళ్లుగా గుర్తించింది. తప్పించుకునే దారుల పటాలు, ఊరి ప్రణాళిక, మాక్ డ్రిల్ వంటివి ఈ గుర్తింపుకు ప్రమాణాలు. ఒడిశా తీరంలోని నోలియా మత్స్యకారుల్లో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నందున, ఆ పాఠం ఇటువైపు రావడానికి భాష అడ్డంకి కాబోదు.

చట్టం మాత్రం ఇంకా పైనుంచి కిందికే చూస్తోంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం కలెక్టర్ నేతృత్వంలోని జిల్లా ప్రాధికార సంస్థకు కీలక అధికారాలిచ్చి, పంచాయతీల వంటి స్థానిక సంస్థలను దాని ఆదేశాలకు లోబడి పనిచేసేవిగా నిలిపింది. కేంద్రం చేపట్టిన ‘ఆపద మిత్ర’ పథకం కింద యువతకు రక్షణ చర్యల్లో శిక్షణ ఇవ్వడం మంచిదే. కానీ శిక్షణ పొందిన యువకుడు ఉపాధి కోసం హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లిపోతే ఆ నైపుణ్యమూ అతనితోనే పోతుంది. పదిమందికీ కలిపి బాధ్యత అప్పగించి, ఏటా తుపాన్ల కాలానికి ముందు గ్రామసభలో జాబితా సరిచూసుకునే ఏర్పాటు ఉంటేనే ఈ లోటు తీరుతుంది. అందుకు పంచాయతీకి కొంత సొంత నిధి కూడా అవసరం. జనరేటర్ డీజిలుకు సైతం పై అనుమతి కోసం ఎదురుచూసే ఊరిని సిద్ధంగా ఉండమనడం అన్యాయం.

పట్టణాల పరిస్థితి దీనికంటే బలహీనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు ఒకేసారి మూగబోయాయి. సెల్‌ఫోన్ సందేశాల మీదే ఆధారపడిన ఏ ప్రణాళికైనా అటువంటి వేళ పనికిరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు గండ్ల నీరు విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను చుట్టుముట్టినప్పుడు డ్రోన్లతో ఆహారం జారవిడవగలిగారు గానీ, ఏ డాబా మీద ఇన్సులిన్ అవసరమైన మనిషి ఉన్నారో, ఏ కింది అంతస్తులో పసిబిడ్డ ఉందో డ్రోనుకు తెలియదు. ఏడాదికో ఇల్లు మారే అద్దెదారులుండే వీధిలో పల్లె మాదిరి పరిచయాలు వాటంతటవే ఏర్పడవు కాబట్టి, అక్కడ జాబితా రాసే పనిని వార్డు సచివాలయంతో పాటు అపార్టుమెంటు సంఘాలు, కిరాణా దుకాణదారులు, ఆశా కార్యకర్తలు పంచుకుని, అద్దెదారులు మారినప్పుడల్లా దాన్ని సరిదిద్దుతూ ఉండాలి.