కారులో గాలి, కారులో రొద

క్రిందటి నెల కుళాయి కారుటను గురించి వ్రాశాను. ఈ నెల కారును గురించే వ్రాయవలసి వచ్చినది. మన బరంపురం తెలుగువారిలో చాలామందికి పాతదో కొత్తదో ఒక చిన్న కారు ఉన్నది గనుక ఇది నా ఒక్కడి గోడు కాదనుకొంటాను.

మాది ఒకరు వాడి అమ్మినది. 2024 వేసవిలో మా అమ్మను శ్రీకాకుళం తీసుకొని వెళుతూంటే, ఇచ్ఛాపురం దాటేసరికి ముందు భాగంలో టకటకమని చప్పుడు మొదలైనది. ఫాను జోరు పెంచితే చప్పుడు పెరిగినదే గాని గాలి పెరగలేదు. ఆమెకు ఉబ్బసం. "నాయనా, ఆ రొదైనా ఆపు, అద్దమైనా దింపు, ఊపిరాడటం లేదు" అన్నది. అద్దం దింపితే లారీల పొగ, దుమ్ము. కంచిలి దగ్గర చెట్టు క్రింద ఆపి, ఆమె మందు పీల్చుకొని తేరుకొనేదాకా నిలుచున్నాము. ఆ పావుగంట నాకింకా జ్ఞాపకమే.

ఇంటికి వచ్చాక ఒక మరమ్మతు షాపుకు పోతే, చెవి పెట్టి వినకుండానే "మోటారు పోయింది, ఐదు వేలు" అన్నారు. గుమాస్తా జీతానికి ఐదు వేలంటే మాటలా? ఆలోచించి చెబుతానని వచ్చేసి, మా వీధి చివరి ఒడియా మేస్త్రీని పిలిచాను. అతడు ఎడమ సీటు ముందుండే సామాన్ల అరను ఊడదీసి, లోపల చేయి పెట్టి తడిమి, "జాలి నాహిఁ" అన్నాడు. వాకిట్లో కూర్చున్న మా అమ్మ, "అవును నాయనా, ఎవరికీ జాలి లేదు" అన్నది. ఒడియాలో జాలి అంటే జల్లెడ వంటి తెర అని ఆమెకు తెలియక కాదు. ఇక్కడ ఆ తెర గాలి వడపోసే ఫిల్టరు.

సంగతేమిటంటే, ముందు అద్దం అడుగున, వైపర్ల దగ్గర ఉండే సందుల్లో నుండి బయటి గాలి లోపలికి వస్తుంది. అక్కడి నుండి ఫిల్టరు, పంజరం వంటి ఫాను చక్రం, చల్లబరిచే కాయిలు దాటి మన ముఖానికి తగులుతుంది. తక్కువ ధర రకాలు కొన్నిటిలో ఫిల్టరు పెట్టే చోటు ఉంటుంది గాని ఫిల్టరు ఉండదు. మాది అటువంటిదే. కారు నిలిపేది వేపచెట్టు క్రింద. చక్రంలో నుండి గుప్పెడు ఎండుటాకులు, రెండు పుల్లలు వచ్చినవి. పుల్ల రెక్కకు తగిలి టకటక. ఏసీ వేసినప్పుడు కాయిలు తడిగా ఉంటుంది గదా, ఇన్నాళ్ల దుమ్ము దానిమీద బురదలా పట్టి గాలిని ఆపినది. కాయిలు కడిగి, చక్రం దులిపి, కొత్త ఫిల్టరు పెట్టినందుకు మొత్తం 950 రూపాయలయినది. ఫిల్టరు మీద గాలి పోయే దిక్కుకు బాణం గుర్తు ఉంటుంది, తలక్రిందులు చేయరాదు. కాగితపు ఫిల్టరును నీళ్లతో కడగరాదు. మన దుమ్ము రోడ్లకు ఆరు నెలలకొకసారి తీసి చూడటం మంచిది.

చప్పుడును బట్టి జబ్బు కొంత తెలుస్తుంది. టకటకమంటే ఆకో పుల్లో. కీచుమంటే మోటారు బుష్ అరిగి ఉండవచ్చు. రొద ఎక్కువై గాలి తక్కువైతే దారి మూసుకొన్నదన్న మాట. ఫాను అన్నిటికంటె పెద్ద వేగంలో మాత్రమే తిరిగితే, సాధారణంగా పోయేది వేగం తగ్గించే రెసిస్టరు. అది చిన్న భాగం. దానికోసం మోటారు మార్చనక్కరలేదు.

లోపలికి వచ్చిన గాలికి బయటకు దారి కూడా ఉండాలి. కారు వెనుక భాగంలో అందుకు చిన్న రెక్కల మూతలు ఉంటాయి. డిక్కీలో వాటికి అడ్డంగా బియ్యం బస్తా పెట్టుకొని తిరిగినవాణ్ణి నేను. వెనుక అద్దం వ్రేలెడు దింపగానే ముందు గాలి జోరందుకొంటే, ఆ దారి మూసుకొన్నదేమో చూసుకోవాలి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరులో ముందు తలుపులకు ముక్కోణపు చిన్న అద్దం ఉండేది. దానిని త్రిప్పితే చాలు, రొద లేకుండా గాలి వచ్చేది. ఈ కాలపు కార్లలో దానిని ఎందుకు తీసివేశారోనని నాకు బెంగ.

లోపలి గాలినే మళ్లీ త్రిప్పే మీట ఒకటున్నది. అది వేస్తే చల్లదనం త్వరగా వస్తుంది, కాని ఫాను నోరు కారులోపలికే తెరుచుకొంటుంది గనుక రొద ఎక్కువ. పైగా నలుగురు విడిచిన గాలి అక్కడే తిరిగి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, తలనొప్పి, మగత వస్తాయి. దూరప్రయాణంలో నడిపేవాడికి మగత వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కారు చల్లబడగానే మీటను బయటి గాలికి మార్చుతున్నాను. లారీ వెనుక పడ్డప్పుడు మాత్రం కాసేపు మూస్తాను.

తరువాత కార్తికంలో అమ్మను అదే దారిన తీసుకొని వెళ్లాను. కంచిలి దాటాక "చలేస్తున్నది, తగ్గించు నాయనా" అన్నది. పెద్ద వేగంలో సన్నని కీచు మాత్రం ఇంకా ఉన్నది. బుష్ కొంచెం అరిగినదట. అది పూర్తిగా పోయిననాడు మోటారు మార్పిస్తాను.