మాంచెస్టర్ మిల్లు, ఆలేరు ఆసు

యూకేలో మాస్టర్స్ చేసే మనోళ్లకు స్టడీ టూర్ అంటే చాలాసార్లు మాంచెస్టరే. ఒకప్పుడు ప్రపంచానికి గుడ్డ పంపిన ఊరు. 'కాటనోపోలిస్' అనేవాళ్లు. నేనూ అట్లాంటి టూర్‌లోనే అక్కడ తిరిగాను. యాంకోట్స్ పేటలో ఎర్ర ఇటుకల నూలు మిల్లులు ఇంకా నిలబడే ఉన్నయి. లోపల మిషన్లు లేవు, ఫ్లాట్లు ఉన్నయి. 1830 నాటి లివర్‌పూల్ రోడ్ రైల్వే స్టేషన్ ఇప్పుడు మ్యూజియం.

పక్కనే ఉన్న బోల్టన్‌లో శామ్యూల్ క్రాంప్టన్ 1779లో 'మ్యూల్' అనే నూలు వడికే యంత్రం చేశాడు. పేటెంట్ తీసుకోలేకపోయాడు. మిల్లు ఓనర్లు చందాలేసి ఇచ్చింది ఏ మూలకూ రాలేదు, సంపాదించింది మాత్రం వాళ్లే. వడకడం మిల్లులోకి పోయింది, తర్వాత మగ్గమూ పోయింది. ఇంట్లో నేసుకుని బతికినోడు మిల్లులో కూలీ అయ్యాడు.

అది వింటుంటే నాకు మన ఆలేరు దగ్గరి శారాజీపేట గుర్తొచ్చింది. ఆ ఊరి చింతకింది మల్లేశం పేరు మీరు వినే ఉంటారు. వాళ్లమ్మ లక్ష్మి రోజూ ఆసు పోసేది. ఇక్కత్ చీరకు రంగులద్దే ముందు, అర్ధచంద్రం లాంటి చట్రానికున్న మేకుల చుట్టూ నూలును తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే ఇగ భుజం ఏమైతదో ఆలోచించండి. ఆరో తరగతితో బడి మానేసిన కొడుకు 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు మిషన్ చేశాడు. అమ్మ పేరే పెట్టాడు. ఇప్పుడు చీరకు గంటన్నర చాలు. పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది.

సినిమా చూసి కళ్లు తుడుచుకున్నాం, సరే. బిజినెస్ చదివేవాళ్లు చూడాల్సింది వేరే ఉంది. లాంకషైర్ యంత్రం నేతగాణ్ని ఇంట్లోంచి మిల్లుకు లాక్కుపోయింది. ఈ యంత్రం నేతగాని ఇంటికే వచ్చింది. మగ్గాన్ని ముట్టుకోలేదు, అమ్మ చేతి నొప్పిని మాత్రం తీసేసింది. ఇంత పెద్ద తేడాను మా క్లాసులో ఎవరూ చెప్పలేదు.

హైదరాబాద్‌కు 50 కిలోమీటర్లలోపే పోచంపల్లి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. రీల్ తీసుకోండి, వద్దనను. కానీ మగ్గం పక్కన ఓ గంట కూర్చుని నూలుకెంత, రంగుకెంత, కూలి ఎంత, అదే చీర సిటీ షాపులో ఎంత అని నోట్స్ రాసుకోండి. 1931లో లాంకషైర్ పోయిన గాంధీ చేసిందీ అదే. మన బహిష్కరణ దెబ్బ తగిలిన డార్వెన్ మిల్లు కార్మికుల మధ్యకే పోయి వాళ్లతోనే మాట్లాడాడు.

చీర కొంటే తిరగేసి చూడండి. పోగులకు ముందే రంగు వేస్తారు కాబట్టి అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటది, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటయి. ప్రింట్ అయితే వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తది. ఆ ప్రింట్ చీర చవక, మగ్గానికి అసలు పోటీ దానితోనే.

నేను మాట్లాడిన ఒక పెద్దాయన, ఆసు మిషన్ వచ్చినంక ఇంట్లో ఆడోళ్ల తిప్పలు తప్పినయన్నాడు. కొడుకు మాత్రం మగ్గమెక్కడట, సిటీలో ఉద్యోగం చూసుకున్నడట. ఎందుకని అడిగితే కూలి లెక్క చెప్పాడు. ఆ లెక్క మీరూ ఒకసారి అక్కడే కూర్చుని వేసి చూడండి.