విరుగుడు లేకుండా విషం అమ్మే హక్కు ఎవరిచ్చారు?

మందు కొడుతూ రైతు చేనులో పడిపోతే అందరూ అనే మాట ఒకటే: "గ్లౌజులు వేసుకోలేదు, మూతికి గుడ్డ కట్టుకోలేదు." 2017లో పెన్‌గంగ అవతల యవత్మాల్ పత్తిచేలల్లో మందు కొట్టి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయినప్పుడూ ఇదే విన్నాం. తప్పంతా చచ్చినవాడిదేనట! వానాకాలం ఉక్కపోతలో, ఎదిగిన పత్తిలో, వీపున పంపు మోస్తూ ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఒక్క పూట కొట్టి చూపించమనండి.

చట్టం చెప్పేది వేరు. పురుగుమందుల చట్టం 1968 నాటిది, దాని నిబంధనలు 1971 నాటివి. 41వ నిబంధన ప్రకారం తయారీదారు, పంపిణీదారు విరుగుడు మందులు, ప్రథమ చికిత్స సామాను తగినంత నిల్వ ఉంచాలి. 42వ దాని ప్రకారం జాగ్రత్తల మీద శిక్షణ ఏర్పాటు చేయాల్సిందీ వాళ్లే. మనలో ఎవరమైనా డీలర్ షాపులో అట్రోపిన్ సూదిమందు చూశామా?

ఇది చాలదన్నట్టు 2022 నవంబరులో కేంద్రం నిబంధనలు మార్చి ఆన్‌లైన్ అమ్మకాలకు తలుపు తీసింది. ఇప్పుడు ఎర్ర త్రిభుజం డబ్బా కూడా సెల్‌ఫోన్ కవరులాగే ఇంటికొస్తుంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి అద్దాల మేడల్లో మంటలార్పే సిలిండర్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు ఉంటాయి. ఉండాలి కూడా. అక్కడి నుంచి యాప్‌లు నడిపే కంపెనీలను అడుగుతున్నాం: డబ్బా మీరు పంపితే, విరుగుడు ఎవరు పంపాలి?

ఈలోగా మన ప్రాణం మనం కాపాడుకోవాలి. మందు ఒంటిమీద పడితే తడిసిన బట్టలు వెంటనే విప్పి సబ్బుతో కడగండి. కంట్లో పడితే పావుగంట మంచినీళ్లు పోస్తూనే ఉండండి. మింగినవాళ్లకు వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. చొంగ కారడం, చెమటలు, కనుపాప చిన్నదవడం, కండరాలు అదరడం మోనోక్రోటోఫాస్ జాతి మందుల లక్షణాలు. 108కి ఫోన్ చేయండి. డబ్బా తప్పక వెంట తీసుకెళ్లండి. అట్రోపిన్ ఈ జాతి విషాలకు పనిచేస్తుంది, అన్నిటికీ కాదు. ఏది పడిందో తెలిస్తేనే డాక్టరు సరైన వైద్యం చేయగలడు. పారాక్వాట్ గడ్డిమందుకైతే విరుగుడే లేదు. అలాంటిది అసలు అమ్మకానికే రాకూడదు.

పత్తికి మందు కొట్టే రోజులు రాకముందే ప్రతి పీహెచ్‌సీలో అట్రోపిన్ నిల్వ ఎంతుందో బోర్డు మీద రాయాలి. షాపులనూ ఆన్‌లైన్ అమ్మకందారులనూ 41వ నిబంధన కింద తనిఖీ చేయాలి. మండల వ్యవసాయాధికారికి ఈ రెండు డిమాండ్లతో ప్రతి గ్రామ కమిటీ వినతిపత్రం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.