ఎరువు కన్నులతో చీనా దర్శనము

పొరుగువాని సంగతి తెలిసికొనుటకు దూరపు చుట్టమును విచారించువానిని లోకము వివేకి యనదు. చీనా విషయమున మన విద్యార్థులు పలువురు చేయుచున్న పని యిదియే. హిమాలయముల కావలి రాజ్యమును గూర్చి ఎం.ఏ. పరిశోధన వ్యాసము వ్రాయ బూనిన యువకుడు లండనులోను వాషింగ్టనులోను అచ్చయిన యింగ్లీషు గ్రంథములను ముందు పెట్టుకొని, వానిలోని యభిప్రాయములను వరుసగా పేర్చి, తుదకు తన పేరు చేర్చుచున్నాడు. గురువు సంతకము చేయుచున్నాడు. పట్టము వచ్చుచున్నది. చీనా మాత్రము కానవచ్చుట లేదు.

ఇది పండితుల యింటి గొడవ యని పాఠకులు త్రోసివేయరాదు. 1954లో పంచశీల యొడంబడిక జరిగెను; 1962లో యుద్ధము జరిగెను. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారతసైనికులు ప్రాణము లర్పించిరి. వారి నాయకుడు మన సూర్యాపేట బిడ్డ, కర్నల్ సంతోష్ బాబు. మన బిడ్డలు కాచుచున్న సరిహద్దునకు ఆవల ప్రభుత్వము తన ప్రజలతో ఏ మాటలలో ఏమి చెప్పుచున్నదో స్వయముగా చదివి చెప్పగలవారు మనలో నెందఱు? యుద్ధమునకైనను, సంధికైనను, వర్తకమునకైనను తెలివి ముందు నడువవలయును. అట్టి తెలివికి మొదటి బడి యీ పరిశోధన వ్యాసమే. 2022లో యు.జి.సి. వారు ఎం.ఫిల్. పట్టమును ఎత్తివేసిన తరువాత దాని బాధ్యత మఱింత పెరిగినది.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఏడవ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగు చీనా నుండి వచ్చి, నలందలో శీలభద్రుని కడ శిష్యుడై మన శాస్త్రములను మన భాషలోనే చదివి, ధాన్యకటకము వఱకు తిరిగి చూచి, స్వదేశమునకు మరలి గ్రంథము రచించెను. భాష, గురువు, స్వానుభవము: మూడును ఆయనకు గలవు. మన రవీంద్రుడు 1924లో చీనాకు వెడలెను. 1937లో శాంతినికేతనమున చీనాభవనము నెలకొల్పి తాన్ యున్‌షాన్ పండితుని దాని కధ్యక్షుని జేసెను. పునాది వేయబడినది. దానిపై గోడలెంత లేచినవో మనమే విచారించుకొనవలయును.

మాది న్యాయవాద వృత్తి. మూలపత్రము దొరకుచుండగా దానిని గూర్చి పరులు చెప్పిన మాటను న్యాయస్థానము సామాన్యముగా స్వీకరింపదు. 1872 నాటి సాక్ష్య చట్టము పోయి 2024 జూలై 1 నుండి క్రొత్త చట్టము వచ్చినను ఈ నియమము పోలేదు. పది గజముల నేల తగవునకు కావలసిన సాక్ష్యము, నూటనలువది కోట్ల జనులు గల దేశమును గూర్చి తీర్పు చెప్పుటకు అక్కఱలేదా?

ఒక్క యుదాహరణము చాలును. పల్లె నమోదు గలిగి, స్వస్థలమున గాని పరస్థలమున గాని వ్యవసాయేతరమగు పనిచేయు చీనా కూలీలు 2024లో ప్రభుత్వపు లెక్క ప్రకారము సుమారు 30 కోట్లు. ఇంగ్లీషు గ్రంథములు వీరిని వలస కూలీలని చెప్పును. మన విద్యార్థి అది చదివి, పాలమూరు నుండి ముంబయికి పోవు కూలీని తలచుకొని, రెండును ఒకటియే యని వ్రాసివేయును. కాని చీనాభాషలో వారి పేరు నోంగ్‌మిన్‌గోంగ్, అనగా రైతు-కార్మికుడు. పట్టణమున ఇరువదియేండ్లు ఇటుకలు మోసినను వాడు రైతుగానే నమోదై యుండును. 1958 నాటి హుకౌ శాసనము జనులను పల్లెవారు, పట్టణమువారు అని విడదీసి వ్రాసినది. బిడ్డల చదువు, వైద్యము, పింఛను ఆ నమోదును బట్టియే నడచినవి. మన కూలీకి కష్టములు లేవనుట కాదు; కాని మన రాజ్యాంగపు 19వ అధికరణము వానికి దేశమున నెచ్చటనైనను నివసించు హక్కు నిచ్చినది. తర్జుమాలో జారిపోయిన ఒక్క మాటతో ఒక శాసనమంతయు మఱుగున పడినది!

ఇచ్చటనే గురువు పని మొదలగును. 2014లో చీనా ప్రభుత్వము వ్యవసాయ నమోదు, వ్యవసాయేతర నమోదు అను భేదమును తొలగింతుమని ప్రకటించినది. శిష్యుడు ఆ ప్రకటనను మూలమున చదివి సంతసించి, భేదము పోయెనని వ్రాయవచ్చును. గురువు వాని చేయి పట్టి యాపవలయును. ప్రభుత్వ పత్రము ప్రతివాది వాఙ్మూలము వంటిది. చదువక తప్పదు, చదివినంతనే నమ్మరాదు. బీజింగు, షాంఘై వంటి మహానగరములలో స్థిరనివాసపు నమోదునకు కఠిన నిబంధనలు నిలిచియే యున్నవి. ఆ నగరపు నిబంధన యేది? బడిలో చేర్చుకొనుటకు ఏ పత్రములడుగుచున్నారు? ఆ కూలీ స్వయముగా చెప్పిన మాట యెచ్చటనైన నున్నదా? ఈ ప్రశ్నలు ప్రతి ప్రకరణమునకును అడుగువాడే గురువు. తుది దినమున సంతకము చేయువాడు గుమాస్తా.

మూలములు దొరకుట కష్టమని కొందఱందురు. నిజమే. చీనా విద్యాపత్రముల మహాభాండాగారమగు సి.ఎన్.కె.ఐ. 2023 ఏప్రిల్‌లో సిద్ధాంత వ్యాసములను, గణాంక సంచికలను పెక్కు విదేశ విద్యాలయములకు అందకుండ జేసెను. ద్వారములు మూతపడుచున్నకొలది, తెఱచియున్న కిటికీలోనుండి చూడ నేర్చినవాని విలువ పెరుగును. చట్టములు, వార్తాపత్రికలు, నగరముల ప్రకటనలు ఇంకను కలవు. చదువగలవాడే లేడు.

కావున మేము కోరునది స్వల్పము. చీనాభాషను రెండేండ్లయినను శ్రద్ధగా నేర్వనివానికి ఆ దేశమును గూర్చి పరిశోధన వ్యాసము వ్రాయు నర్హత యీయరాదు. మూలము లేని ప్రకరణమును గురువు త్రిప్పి పంపవలయును. ఒక్క గురువునకు శిష్యులను మందగా నప్పగింపరాదు. ప్రభుత్వములు గ్రంథములకును, ప్రయాణములకును ధనమీయవలయును. ఒక తుపాకి వెలతో ఎన్ని నిఘంటువులు కొనవచ్చునో వారే లెక్కించుకొందురు గాక.

చీనాను ద్వేషించుటకు గాని కొనియాడుటకు గాని ఈ చదువు కాదు. ఎరిగియుండుటకే. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు నగలను గూర్చి చెప్పిరి. ఎరువు కన్నులు అంతకంటె చేటు: అవి తమ యజమాని చూడగోరినదానినే మనకును చూపును. స్వరాజ్యము పొందిన జాతి తన పొరుగువానిని తన కన్నులతో చూడ నేర్చుకొనుట యింకెన్నడు?